హార్డ్ డిస్క్ కింద నిమ్మకాయ

నడుస్తున్న కంప్యూటర్ కింద నిమ్మకాయ పెట్టి చితక్కొట్టిన మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆయన నా యజమాని. అంకుల్ అని పిలిచేదాన్ని. సిడ్నీ శివార్లలో, పారమట్టాలో ఒక దుకాణం పైన రెండు గదుల్లో ఆయన కన్సల్టెన్సీ కంపెనీ ఉండేది. నా వీసా ఆ కంపెనీ పేరు మీద వచ్చింది. ఆ పేరు తీసేస్తే ఈ దేశంలో నాకు నిలువ నీడ లేదు కనక, అంకుల్ నిమ్మకాయ పెట్టినా గుమ్మడికాయ కొట్టినా చేతులు కట్టుకుని చూస్తూ నిలబడవలసిందే.

అది రెండువేల సంవత్సరం దసరా, శనివారం పొద్దున. ఒలింపిక్స్ అయిపోయి వారం కూడా కాలేదు. సిడ్నీ అంతా పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇల్లులా ఉంది. అంకుల్ కింద వీధిలో కారుకి పూజ చేసి, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టి ముందుకి నడిపి, పైకి వచ్చారు. సంచిలో ఇంకా రెండు కాయలు మిగిలాయి. వాటిని పారేయడానికి ఆయనకి మనసొప్పలేదు.

బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి ఆంటీ అప్పటికే అన్నీ సర్దేశారు. మోడెమ్, స్టాప్లరు, కాగితాలకు చిల్లులు పెట్టే మిషను, కంపెనీ ఫైళ్ళు, వాటి పైన రెండు మూడు గోధుమరంగు కవర్లు, అన్నిటికీ పసుపు కుంకుమ బొట్లు. పక్కనే కంప్యూటర్ టవరు, ఆన్‌లో ఉంది. "ఒక్క నిమిషం ఆపేద్దామా అంకుల్?" అన్నాను. ఆంటీ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. శుభమా అని ఆయుధపూజ చేసుకుంటుంటే ఆపేద్దామంటావేమిటమ్మా, చచ్చినదానికి ఎవరైనా పూజ చేస్తారా అన్నారు. టవరు ముందు వెలిగే చిన్న ఆకుపచ్చ లైటే ఆవిడ లెక్కలో ప్రాణం.

అంకుల్ టవరు ముందు భాగం ఎత్తి, రెండు కాళ్ళ కిందా రెండు కాయలు పెట్టారు. కారు బరువుకి ఆ నాలుగూ చితికాయి గానీ, ఇవి దీని బరువుకి చితకలేదు. ఆయన మళ్ళీ ఎత్తి, జై దుర్గా భవానీ అని దబ్బున దించారు. ఒక కాయ చితికింది. రెండోది జారి కింద పడింది. లోపల ఎక్కడో పలక మీద గోరు గీసిన శబ్దం వచ్చింది.

ఆ శబ్దం నాకు తెలుసు. బెజవాడలో బీసెంట్ రోడ్డు మీద కంప్యూటర్లు బాగుచేసే షాపులో ఏడాది పనిచేసినదాన్ని. లోపల పళ్ళెం తిరుగుతూ ఉంటుంది, దాని మీద వెంట్రుక మందం ఎత్తులో చదివే ముల్లు ఉంటుంది, అది పళ్ళేన్ని తాకితే అంతే సంగతులు. ఆ మాట అప్పుడే అని ఉండాల్సింది. అనలేదు. ఆంటీ నా చేతిలో అక్షింతలు పోశారు. కంప్యూటర్ మీదా, ఫైళ్ళ మీదా, కవర్ల మీదా చల్లి, అన్నిటినీ తాకి కళ్ళకద్దుకున్నాను.

మీరు నన్ను నోట్లో నాలుక లేని మనిషి అనుకుంటే పొరపాటు. నాది తెనాలి. కొలత తప్పితే పాలవాడితోనైనా పోట్లాడే వంశం మాది. షాపులో మగపిల్లలు పదిమంది మధ్య స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డాను. అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ అనే పాతకాలం కంప్యూటర్ భాష నేర్చుకుని, ప్రపంచమంతా పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేయించుకోవడానికి మనుషుల కోసం వెతుకుతున్న రోజుల్లో ఒక్కదాన్నే విమానం ఎక్కాను. అంత నోరూ అంకుల్ ముందు మాత్రం పడిపోయేది. ఎందుకో చెప్పాలంటే నేను దిగిన రోజు నుంచి చెప్పాలి.

తొంభైతొమ్మిది మొదట్లో దిగాను. అంకుల్, ఆంటీ ఇద్దరూ ఎయిర్‌పోర్టుకి వచ్చారు. ఆయనది కృష్ణా జిల్లా, ఇక్కడికి వచ్చి అప్పటికే ఇరవై ఏళ్ళు. తిన్నగా రౌస్ హిల్‌లో వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళి, ఆంటీ పప్పుచారు, వంకాయ వేపుడు పెట్టారు. బయట ఎక్కడో గది ఎందుకు, మా ఇంట్లోనే వెనక గది ఉంది, ఆడపిల్లవి ఒక్కదానివి ఎలా ఉంటావు అన్నారు. కళ్ళనీళ్ళు తిరిగాయి. అప్పట్లో రౌస్ హిల్ అంటే ఊరి చివర. కొత్తగా కట్టిన ఇటిక ఇళ్ళు నాలుగు వీధులు, ఆ తర్వాత గుర్రాలు మేసే పచ్చిక. రైలు లేదు. బస్సు ఎప్పుడొస్తుందో నేనెప్పుడూ తెలుసుకోలేదు, ఎందుకంటే పొద్దున అంకుల్ కారులో విండ్సర్ రోడ్డు మీదుగా ఆఫీసుకి, సాయంత్రం అదే కారులో అదే రోడ్డున ఇంటికి. శనివారం ఆంటీతో కూరగాయలకి, ఆదివారం వాళ్ళతో గుడికి.

రెండో రోజు ఆఫీసులో అంకుల్ నా పాస్‌పోర్టు, డిగ్రీ, మార్కుల లిస్టులు అడిగి తీసుకుని కాపీలు తీశారు. తీసి, కవర్లో పెట్టి, నా చేతికి ఇవ్వబోయారు. ఈ ముక్క నొక్కి చెబుతున్నాను, ఇవ్వబోయారు. నేనే, "మీ దగ్గరే ఉంచండి అంకుల్" అన్నాను.

ఏ తెల్లమనిషికైనా చెబితే నీకు మతిపోయిందా అంటారు. కానీ మనకి తెలుసు. ఇంటర్‌లో చేరితే ఒరిజినల్స్ కాలేజీ వాళ్ళ దగ్గర. ఇంజనీరింగ్‌లో చేరితే వాళ్ళ దగ్గర. బెజవాడ షాపులో చేరితే ఓనరు ఇనప్పెట్టెలో. ఒరిజినల్స్ ఇచ్చేయడమంటేనే చేరడం. మన దగ్గర ఉంచుకుంటే మనమింకా చేరనట్టు, వాళ్ళని నమ్మనట్టు. పైగా తిండి పెట్టి గది ఇచ్చిన మనిషి. అంకుల్ సరేనమ్మా అని ఆ కవరుని ఆయన కుర్చీ వెనకున్న ఇనప బీరువాలో పెట్టారు. ఆ సాయంత్రం ఆంటీ, నువ్విక మా ఇంటి పిల్లవేనమ్మా అన్నారు. ఇంటి పిల్ల పెద్దవాళ్ళని నా కాగితాలు నాకిమ్మని ఎలా అడుగుతుంది? మొహమాటానికి పోతే కడుపొచ్చిందని మా నాయనమ్మ ఊరికే అనలేదు.

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. ఈ దేశంలో సొంతంగా స్థిరనివాసానికి దరఖాస్తు పెట్టేవాళ్ళకి అప్పట్లో వయసుని బట్టి మార్కులు. ముప్ఫై నిండితే మార్కులు తగ్గుతాయి. తగ్గితే నేను గీత దాటను, ఎన్నిసార్లు కూడినా దాటను. రెండువేల డిసెంబరులో నాకు ముప్ఫై. అంకుల్ మాత్రం, నువ్వు సొంతంగా వేయొద్దు, కంపెనీ తరఫున నేనే నామినేషన్ వేశాను, రెండూ ఉంటే క్లాష్ అవుతాయి అనేవారు. నామినేషన్ అంటే, ఈ మనిషి మాకు కావాలి, ఇక్కడే ఉండనివ్వండని కంపెనీ ఇమ్మిగ్రేషన్ డిపార్ట్‌మెంటుకి రాసుకోవడం. వేశాను అనే అనేవారు, వేస్తాను అని కాదు. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ, "ప్రాసెస్‌లో ఉందమ్మా, డోంట్ వర్రీ," అదే మాట.

రెండువేల జనవరి ఒకటిన ఏ విమానమూ పడలేదు, ఏ బ్యాంకూ మునగలేదు. మునిగింది మా కంపెనీ ఒక్కటే. తేదీలు దిద్దే పని అయిపోగానే నాతో ఉన్న ముగ్గురు మగవాళ్ళూ వేరే కంపెనీలు చూసుకుని వెళ్ళిపోయారు. నేను మిగిలాను. వారానికి మూడు రోజులు ఒక ఆఫీసులో పాత ప్రోగ్రాములు చూడడం, రెండు రోజులు అంకుల్ దగ్గర రెజ్యూమెలు టైపు చేయడం, మనవాళ్ళు తెచ్చే కంప్యూటర్లు బాగుచేయడం. నాకు ముందు అదే కుర్చీలో ఒకబ్బాయి ఉండేవాడట. చెప్పకుండా ఇండియా వెళ్ళిపోయాడని, తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకమని ఆంటీ కూర తరుగుతూ చెప్పేవారు. నేనూ అలాంటిదాన్ని అనిపించుకోకూడదని వంచిన తల ఎత్తేదాన్ని కాదు.

దసరా అయిన సోమవారం కంప్యూటర్ లేవలేదు. నల్ల తెర, లోపల టిక్కు టిక్కు. అంకుల్ ముఖం పాలిపోయింది. కంపెనీ మొత్తం దాంట్లోనే ఉంది, వేరే ఎక్కడా కాపీ లేదు. ఎన్నిసార్లు చెప్పాను కాపీ తీసి పెడదామని! నేను లోపల తిట్టుకుంటుండగా ఆయన నెమ్మదిగా అన్నారు, "నీ నామినేషన్ పేపర్లు కూడా అందులోనే ఉన్నాయమ్మా. డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఇంకో సెట్ అడిగారు, ఈ వారమే పంపాలి."

డిసెంబరుకి ఎనిమిది వారాలు. అంటే నా బతుకు కాస్తా ఆ టిక్కు టిక్కుమనే రేకు డబ్బాలో ఉంది. నా చేత్తో అక్షింతలు వేసి మరీ పగలగొట్టించాను దాన్ని.

ఆ వారం అంకుల్ నన్ను బయటి ఆఫీసుకి పంపలేదు. మా ఆఫీసు వెనక గదిలో కూర్చున్నాను. కిటికీ లేని గది అది. ఒక ట్యూబులైటు, ఒక బల్ల, నేను. పని తెలిసినవాళ్ళు ఇలాంటి డిస్కుని వెంటనే రిపేరు చేయరు. ముందు దాంట్లో చదవగలిగినదంతా ఇంకో డిస్కులోకి తోడుకోవాలి. రిపేరు చేసే ప్రోగ్రాం డిస్కు అంతా గిరగిరా తిప్పుతుంది, కొనఊపిరితో ఉన్నది ఆ తిప్పుడికే పోవచ్చు. నేను కొత్త డిస్కు తగిలించి, నా ఫ్లాపీతో మెషీన్ లేపి, ఒక్కో ఫోల్డరూ తోడడం మొదలుపెట్టాను. పది ఫైళ్ళు వస్తాయి, పదకొండోదాని దగ్గర ఆగిపోతుంది. ఆగి అడుగుతుంది, ఆపేయనా, మళ్ళీ ప్రయత్నించనా, వదిలేయనా అని. మళ్ళీ అనే నొక్కేదాన్ని. టిక్కు టిక్కు. మళ్ళీ. టిక్కు టిక్కు. మళ్ళీ.

సోమవారం అలా గడిచింది. మంగళవారం అలాగే గడిచింది. మిగతావన్నీ చాలావరకు వచ్చాయి. ఇమ్మిగ్రేషన్ అని పేరున్న ఫోల్డరు మాత్రం రాలేదు. ఒక్క ఫైలూ కదల్లేదు. ముల్లు తాకిన చోటు సరిగ్గా అదే. ఇంత పెద్ద పళ్ళెంలో దానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా అని ఏడుపొచ్చింది. కుర్చీలోంచి లేస్తే ఏమవుతుందోనని భయం, కూర్చుంటే గోడలు మీదికి వస్తున్నట్టు ఉంది. మధ్యాహ్నం అంకుల్ ఆంటీ పంపిన పులిహోర డబ్బా తెచ్చి పెట్టి, పని అయ్యేదాకా నువ్వు లేవొద్దమ్మా, నేను ఫోన్లు చూసుకుంటాను అన్నారు. ప్రేమగానే అన్నారు. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళారు. ఆ ప్రేమే నాకు ఊపిరాడనివ్వలేదు.

బుధవారం ఇక దారిలేక పాత డిస్కు మీద స్కాన్‌డిస్క్ అనే ఆ రిపేరు ప్రోగ్రాం వదిలాను, పైపైన కాకుండా అడుగు దాకా చూసే పరీక్ష. తెర మీద చిన్న చిన్న గళ్ళు, ఒక్కోటీ చదువుతూ పోతుంది. బాగుంటే రంగు మారుతుంది. పాడైతే ఆ గడిలో బి అని ఒక అక్షరం. చాలామంది ఇది పాడైన చోటుని బాగుచేస్తుందనుకుంటారు. ఏమీ చేయదు. ఇటు రావద్దని అక్కడొక గుర్తు పెట్టి, పక్కనుంచి దాటి పోతుంది. ఆ గళ్ళు చూస్తూ కూర్చుంటే నా ఏడాది తొమ్మిది నెలలూ కళ్ళముందు తిరిగాయి. అంకుల్‌ని ఏవి అడగకూడదో వాటి మీద గుర్తులు పెట్టుకుని, చుట్టూ తిరిగి నడుస్తున్నది నేనూ.

పరీక్ష గురువారం మధ్యాహ్నానికి అయింది. పేర్లు పోగొట్టుకున్న ముక్కలన్నీ పోగుచేసి, అంకెలు వేసి వరసగా పెట్టింది, వందకి పైగా ఉన్నాయి. పేర్లు లేవు కాబట్టి ఏది ఏమిటో తెలియాలంటే ఒక్కొక్కటీ తెరిచి చదవాలి. తెరిస్తే సగం పిచ్చి గుర్తులు, మధ్యలో మాటలు. ఎవరిదో రెజ్యూమె. ఆంటీ గుడికి రాసిన ప్రసాదాల లిస్టు. మళ్ళీ రెజ్యూమె. నలభై ముక్కలు దాటాక నా పేరు కనిపించింది.

నామినేషన్ ఉత్తరమే! గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. దొరికిందని అంకుల్‌ని పిలవబోయి, ఒకసారి మొత్తం చదువుదామని ఆగాను. పై వరసలో నా పేరు. తేదీ ఉండాల్సిన చోట ఖాళీ. మధ్యలో ఒకచోట నా గురించి చెబుతూ 'అతను' అని ఉంది. కింది పేరాలో వేరే పేరు. ఆంటీ కూర తరుగుతూ చెప్పే అబ్బాయి పేరు. ఇంకో ముక్క తెరిచాను. అదే ఉత్తరం, అతని పేరుతో, తేదీ ఖాళీ. ఇంకొకటి. అదే ఉత్తరం, నాకు తెలియని ఇంకెవరి పేరో, తేదీ ఖాళీ. ఒకే ఉత్తరంలో పేరు చెరిపి పేరు రాసుకుంటూ వచ్చారు, నా పేరు రాసేటప్పుడు ఒకచోట చెరపడం మరిచిపోయారు.

అయినా మనసు ఒప్పుకోలేదు. సంతకం చేసి, తేదీ చేత్తో వేసి పంపారేమో అనుకున్నాను. మా ఆఫీసులో ఫ్యాక్సులన్నీ ఆ కంప్యూటర్ నుంచే వెళ్ళేవి, పంపిన ప్రతిదీ ఒక చిట్టాలో పడేది. ఆ చిట్టా సోమవారమే చెక్కుచెదరకుండా వచ్చింది. మొదటి నుంచి చివరి దాకా చూశాను. క్లయింట్లకి వెళ్ళాయి. గుడికి వెళ్ళాయి. డిపార్ట్‌మెంటుకి ఒక్కటీ లేదు. టపాలో పంపారేమో అనుకోవడానికీ వీల్లేదు, ఆఫీసులో టపా కట్టి పోస్టులో వేసేది నేనే.

నాలుగు రోజులు తిండి మానుకుని, మళ్ళీ మళ్ళీ అని నొక్కి నొక్కి నేను వెతికింది అసలు పుట్టనేలేదు. కుర్చీ వెనక్కి తోసి లేచాను. భయంతో కాదు, తెనాలి కోపంతో. ఆ ఉత్తరాలు మూడూ ప్రింటు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళి అంకుల్ బల్ల మీద పెట్టాను.

ఆయన అద్దాలు పెట్టుకుని చదివారు. చాలాసేపు చదివారు, అంత చదవడానికి అందులో ఏమీ లేకపోయినా. మీరు వేయలేదు కదా అంకుల్ అని అడిగాను. అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"వేస్తే వెళ్ళిపోతావమ్మా. అందరూ వెళ్ళిపోయారు. నువ్వొక్కదానివీ ఉన్నావు కాబట్టే ఈ బోర్డు ఉంది. ఇంకో ప్రాజెక్టు రాగానే వేద్దామనే అనుకున్నా, దేవుడి మీద ఒట్టు."

నిజమే చెప్పారని ఇప్పటికీ నమ్ముతాను. ఆయన దొంగ కాదు. మునిగిపోతూ చేతికందిన మనిషిని పట్టుకున్నాడు. కానీ పట్టుకున్నది నా పీక. డిసెంబరులో నాకు ముప్ఫై నిండుతాయని మీకు తెలుసు కదా అన్నాను. తెలుసన్నారు. పోయినేడు ఆ రోజున ఆంటీ పాయసం కూడా చేశారు.

"నా కాగితాలు నాకివ్వండి," అన్నాను. ఏడాది తొమ్మిది నెలలు నోటిదాకా వచ్చి ఆగిన మాట అది.

ఆయన నన్ను వింతగా చూశారు. కోపం లేదు ఆ చూపులో, నిజంగానే అర్థంకానట్టు చూశారు.

"తీసుకో. బీరువాలోనే ఉన్నాయి. దానికి తాళం ఎప్పుడు వేశాను? దాని తాళంచెవి నేను ఈ ఆఫీసు తీసుకున్నప్పటి నుంచీ లేదు. నువ్వెప్పుడూ అడగలేదమ్మా. అడగందే అమ్మయినా పెట్టదు కదా."

ఆయన నడుముకి తాళాల గుత్తి వేలాడుతూ ఉండేది. నడిస్తే గలగలమనేది. అందులో బీరువాది ఒకటి ఉందని నేనే అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. ఆ బీరువాకి మూడడుగుల దూరంలో కూర్చుని ఏడాది తొమ్మిది నెలలు టైపు చేశాను. దాని మీద క్యాలెండర్ మార్చాను, దుమ్ము తుడిచాను. పిడి మాత్రం ఒక్కనాడూ తిప్పి చూడలేదు.

తిప్పాను. వచ్చేసింది. పై అరలోనే గోధుమరంగు కవరు, దాని మీద నా పేరు అంకుల్ చేతిరాతలో, పక్కనే పసుపు మీద కుంకుమ బొట్టు.

ఆ పూట ఆయన్ని చెడామడా తిట్టి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. తిట్టలేదు. నాకు ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ మండింది. కొత్త డిస్కు ఆయన మెషీన్లో బిగించి, తోడినవన్నీ వరసగా ఉన్నాయని చూపించి, పాతదాన్ని ఆయన చేతిలో పెట్టి, ఇది ఇక పనికిరాదు, దీన్ని మళ్ళీ తగిలించొద్దు అని చెప్పాను. పని మధ్యలో వదిలేయడం నాకు చేతకాదు. ఆయన గడియారం చూసి, ఇంకో గంటలో బయల్దేరదామమ్మా అన్నారు, రోజూ అన్నట్టే. నేను కవరు తీసుకుని మెట్లు దిగాను.

తర్వాతి సంగతి చెప్పేస్తాను, దాచుకోవడానికేం లేదు. దరఖాస్తు నా పేరున నేనే రాసుకుని, పుట్టినరోజుకి తొమ్మిది రోజుల ముందు పారమట్టా పోస్టాఫీసులో నా చేత్తో ఇచ్చి రసీదు తీసుకున్నాను. సరేనన్న జవాబు వచ్చేదాకా వీసా ఆయనదే కాబట్టి ఇంకో పద్నాలుగు నెలలు అక్కడే పనిచేశాను, ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆంటీ నాకు ముందున్న అబ్బాయి మాట మళ్ళీ ఎత్తలేదు. అంకుల్ కారు మాత్రం నేను మళ్ళీ ఎక్కలేదు.

ఆ గురువారం పారమట్టా స్టేషను దగ్గర నిలబడితే రౌస్ హిల్ వెళ్ళే బస్సు ఏదో నాకు తెలియదు. దాదాపు రెండేళ్ళు ఆ ఊళ్ళో ఉన్నాను, మా ఇంటికి వెళ్ళే బస్సు నంబరు తెలియదు. ఒక ముసలావిడని అడిగితే చూపించింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. వారాల తరబడి చూడని ఎండ చూస్తున్నట్టు ఉంది. బస్సు కదిలాక, అన్నీ ఉన్నాయో లేదో చూద్దామని కవరు మూత తెరిచి ఒళ్ళోకి వంచాను.

పాస్‌పోర్టు వచ్చింది, డిగ్రీ వచ్చింది, మార్కుల లిస్టులు వచ్చాయి. వాటితోపాటు నాలుగు పసుపు బియ్యపు గింజలు నా చీర కుచ్చిళ్ళలో రాలాయి. దసరా రోజు ఎర్రగుడ్డ మీద, నా కళ్ళెదుట, నా చేతికందే దూరంలో ఉన్న కవరే ఇది. దాని మీద అక్షింతలు చల్లి, కళ్ళకద్దుకుని, మళ్ళీ అక్కడే వదిలేసి వచ్చింది నేనే.